'టెక్స్చర్': మగ్గమునుండి తెరకు
కంప్యూటరు తెరపై రాతికి గరుకును, పట్టునకు నిగనిగను కల్పించు పైపొరను మనవారును 'టెక్స్చర్' అనియే అనుచున్నారు. నేయుట యను అర్థముగల 'టెక్సెరె' యను లాటిను క్రియనుండి పుట్టిన యీ పదము మొదట వస్త్రపు నేతనే తెలిపి, పిదప సమస్త వస్తువుల ఉపరితల స్వభావమునకు పేరైనది. చదునైన చిత్రమును వంపుదిరిగిన తలముపై పఱచు విధానమును 1974లో యూటా విశ్వవిద్యాలయ సిద్ధాంతగ్రంథమున ఎడ్విన్ కాట్మల్ నిరూపించెను. 1985లో కెన్ పెర్లిన్ ప్రకటించిన పద్ధతి, చిత్రమే లేకుండ, కేవల గణితముచేత పాలరాతి చారలను సృజించినది. హిందూపురము చేరువనున్న లేపాక్షిలో లతామంటప స్తంభములపై చెక్కిన ఆకృతులు, మగ్గమునకు నమూనా నిచ్చు జకార్డు అట్టలలో రంధ్రములై, ధర్మవరపు పట్టుచీరల అంచుల కెక్కుటయు ఒక తలమునందలి రూపము వేఱొక తలమును చేరుటయే గదా! కావున గ్రాఫిక్సు విద్యార్థులు ధర్మవరపు నేతగాండ్రకడ కొన్నాళ్లు శుశ్రూష చేయుదురుగాక.