పిడికెడు బియ్యం: మిజో కొండల్లో శిష్యత్వం నడిచిన దారి

ఆదివాసీ క్రైస్తవుల చరిత్ర పేరుతో మనకు దొరికేది చాలావరకు మిషనరీల చరిత్రే. ఎవరు ఏ సంవత్సరం వచ్చారు, ఎక్కడ బంగళా కట్టారు, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు అనే లెక్కలతోనే అది ముగిసిపోతుంది. ఆ విశ్వాసాన్ని అందుకున్న ప్రజలు దాన్ని తమ పొయ్యి దగ్గర, పోడులో, ఊరి కట్టుబాట్లలో ఎలా ఆచరించారన్నది పక్కకు పోతుంది. ఈశాన్య భారతంలోని మిజో ప్రజల అనుభవం ఆ రెండో చరిత్రను మన ముందు ఉంచుతుంది.

1894 జనవరి 11న జె.హెచ్. లోరెన్, ఎఫ్.డబ్ల్యూ. శావిడ్జ్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు పడవలో సాయిరాంగ్ చేరారు. ఆ ప్రాంతాన్ని అప్పట్లో లూషాయి కొండలు అనేవారు. వారు మిజో భాష నేర్చుకుని, రోమన్ అక్షరాలతో దానికి లిపి కూర్చారు. 1897లో వేల్స్ నుంచి డి.ఇ. జోన్స్ వచ్చాడు. 1899లో ఖూమా, ఖారా అనే ఇద్దరు తొలి బాప్తిస్మం పొందారు. అప్పటి మిజోలు పోడు చేసుకుని బతికేవారు. చేతిలో డబ్బు ఆడేది కాదు. కానుక వేయమంటే వేయడానికి వారి దగ్గర నాణెం లేదు.

ఉన్నది బియ్యం. 1910లో ఐజ్వాల్‌లోని మిషన్ వెంగ్ సంఘంలో 'బుహ్‌ఫై థామ్', అంటే పిడికెడు బియ్యం, మొదలైంది. పూటపూటకూ వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే పాత్రలో వేస్తుంది. సంఘంలోని స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తారు. దాన్ని అమ్మగా వచ్చిన డబ్బు సువార్త పనికి వెళ్తుంది. ఈ పద్ధతిలో పేద, గొప్ప తేడా లేదు. అన్నం వండే ప్రతి ఇల్లూ ఇవ్వగలదు. ఆదివారానికి ఒకసారి కాక, ప్రతి పూటా దేవుణ్ణీ పొరుగువాణ్ణీ తలచుకోవలసి వస్తుంది.

ఇది మొదలైన మరుసటి ఏడాదే పెద్ద పరీక్ష వచ్చింది. మిజో కొండల్లో సుమారు 48 ఏళ్లకోసారి వెదురు పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, పోడు పంట మీద పడతాయి. దీన్ని 'మౌతామ్' అంటారు. 1911-12లో ఆ కరువు వచ్చింది. తిండికే కటకటలాడిన ఆ రోజులను దాటుకుని పిడికెడు బియ్యం ఆచారం నిలిచింది. ఈరోజు ఏటా కోట్ల రూపాయలు దాని ద్వారానే సమకూరుతున్నాయి. ఆ బియ్యం తీసిపెట్టినది స్త్రీల చెయ్యి. పాస్టర్ అభిషేకం మాత్రం చాలాకాలం పురుషులకే దక్కింది. ఈ సంగతిని కూడా చరిత్రలో రాసుకోవాలి.

రెండో సంగతి సంస్కృతి గురించి. తొలిరోజుల్లో మిషనరీలు 'ఖువాంగ్' అనే మిజో డోలును గుడిలోకి రానివ్వలేదు. పాత పూజలతో, సారా విందులతో దానికి సంబంధం ఉందని వారి భయం. 1919 నాటి ఉజ్జీవంలో ప్రజలే డోలును ఆరాధనలోకి తెచ్చుకున్నారు. తమ బాణీల్లో పాటలు కట్టుకున్నారు. తనకంటే ముందు ఇతరుల మేలు చూడాలని చెప్పే 'త్లోమ్‌ఙైహ్నా' అనే పాత నీతి శిష్యత్వానికి అడ్డు కాలేదు, ఆసరా అయింది. 1935లో ఏర్పడిన యంగ్ లూషాయి అసోసియేషన్, నేటి యంగ్ మిజో అసోసియేషన్, ఆ నీతినే పట్టుకుంది. ఈనాటికీ ఊళ్లో ఎవరు చనిపోయినా గుంత తవ్వడానికి, ఆ ఇంటివారికి తోడుగా కూర్చోవడానికి యువకులు వెళ్తారు.

అయితే ఈ చరిత్రలో అన్నీ గెలుపులే లేవు. కరువుకో, అప్పుకో తాళలేక ఊరి దొరను ఆశ్రయించినవారిని 'బోయి' అనేవారు. వారు, వారి పిల్లలు దొర ఇంటి చాకిరీలో ఉండిపోయేవారు. విడుదల కావాలంటే 40 రూపాయలు గానీ, ఒక మిథున్ పశువును గానీ చెల్లించాలి. 1908లో వచ్చిన వేల్స్ డాక్టర్ పీటర్ ఫ్రేజర్ ఇది బానిసత్వమేనని ఎదిరించాడు. ఆయన మాట విని విశ్వాసులైన దొరలు కొందరు తమ బోయిలను విడిచిపెట్టారు. బ్రిటిష్ అధికారులు మాత్రం అది దిక్కులేనివారికి నీడ మాత్రమేనని వాదించారు. మిషన్ పెద్దలు డాక్టర్ వెంట గట్టిగా నిలబడలేదు. చివరికి ఆయన ఆ కొండలు విడిచి వెళ్లవలసి వచ్చింది. బియ్యం ఇవ్వడం నేర్చుకున్న సంఘానికి కూడా, అధికారాన్ని ప్రశ్నించడం కష్టమైంది.

పిడికెడు బియ్యం తెలుగు సంఘాలకూ కొత్త కాదు. మన అమ్మలు, అవ్వలు కుండలో దాచి గుడికి మోసుకెళ్లినదే. నేడు చాలా గూడేల్లో పెంకు కప్పు పోయి స్లాబు వేసిన గుడి వచ్చింది, మైకులు వచ్చాయి, కానుక ఫోన్‌లో నొక్కితే చేరిపోతోంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఇవ్వడం సులువైనకొద్దీ తలచుకోవడం తగ్గిపోతే నష్టం మనకే. మన గూడెంలో అప్పుకు తాకట్టుపడిన ఇల్లు ఏది, చావింటికి ముందుగా వెళ్లేది ఎవరు, డోలుకూ మన భాషలో పాటకూ గుడిలో చోటుందా, బియ్యం తెచ్చే స్త్రీ మాటకు సంఘ పెద్దల మధ్య విలువ ఉందా? మిజో కొండల చరిత్ర చదివిన ప్రతి సంఘమూ తనను తాను అడగవలసిన ప్రశ్నలివి. వీటికి ఇచ్చే జవాబులోనే దాని శిష్యత్వం ఎంతో తేలుతుంది.