గంటకు 13 జీబీ

ఆదోని, ఎమ్మిగనూరుల్లో వీడియో తీసేవాళ్లకు పనంతా ఒక్కసారే మీద పడుతుంది. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలు, దసరా రాత్రి దేవరగట్టు బన్ని అనే కర్రల సమరం, పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర. వీహెచ్‌ఎస్ రోజుల్లో ఈ రద్దీకి సరిపడా క్యాసెట్లుంటే చాలు. రెండు వీసీఆర్లు, మధ్యలో ఒక మిక్సరు. ఒక టేపు మీంచి ఇంకో టేపు మీదికి ఎక్కించేస్తే ‘మిక్సింగ్’ అయిపోయినట్టే. హార్డ్ డిస్కుతో ఎవరికీ పనిలేదు.

డిస్కు బాధ డిజిటల్ వీడియో, అంటే డీవీతో మొదలైంది. ఆ ప్రమాణం 1995 నాటిదైనా, పెళ్లి వీడియోల్లో మినీ డీవీ స్థిరపడింది 2000 తర్వాతే. సోనీ పీడీ-170 లాంటి కెమెరాలో తీసిన టేపును ఫైర్‌వైర్ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి క్యాప్చర్ చేసేవారు. గంట టేపుకు గంటసేపు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే.

ఇక చోటు లెక్క చూడండి. మన పాల్ టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు 1,44,000 బైట్లు. అంటే సెకనుకు 3.6 ఎంబీ, గంటకు దాదాపు 13 జీబీ. దేవరగట్టులో కాగడాల వెలుగులో కర్రల సమరం తీసినా, పట్టపగలు రథోత్సవం తీసినా డీవీకి ఒకటే లెక్క. 80 జీబీ డిస్కు కొంటే విండోస్‌లో కనిపించేది 74. నాలుగు టేపుల పెళ్లికి అందులో యాభై దాకా పోతుంది. ఎడిట్ చేసిన మూడు గంటల సినిమాను మళ్లీ డీవీలోనే రెండర్ చేయాలంటే ఇంకో 39 జీబీ కావాలి. ఎక్కడుంది? అందుకే ముక్కలు ముక్కలుగా ఎంపెగ్-2లోకి మార్చి, డీవీడీ రాసి, పాత ఫైళ్లు డిలీట్ కొట్టి, తర్వాతి పెళ్లికి చోటు చేసేవారు.

చోటున్నా ఇంకో గండం ఉండేది. విండోస్ 98లో డిస్కు ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32. ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. డీవీలో అది ఇరవై నిమిషాలు కూడా కాదు. జాగ్రత్త తెలియని సాఫ్ట్‌వేర్ అయితే జీలకర్రబెల్లం పెట్టే వేళకు క్యాప్చర్ ఆగిపోయేది. 2001లో ఎక్స్‌పీ వచ్చి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మారాక ఈ గొడవ తీరింది. ఫ్రేములు డ్రాప్ కాకుండా విండోస్‌కొక డిస్కు, క్యాప్చర్‌కొక డిస్కు పెట్టుకోవడం, డీఫ్రాగ్ చేయడం, యాంటీవైరస్ ఆపేయడం అనుభవం మీద అబ్బిన విద్యలు. టైమ్‌కోడ్ రాసుకుని కావలసిన షాట్లే దించుకునే బ్యాచ్ క్యాప్చర్ కూడా ఉంది గానీ, పెళ్లివారి ముందు అది చెల్లదు. భోజనాల బంతిలో మేనమామ కనిపించకపోతే ఊరుకుంటారా?

ఆ ఇరుకులోనూ ఒక ధీమా ఉండేది. డిస్కులోది చెరిపేసినా టేపు బీరువాలో భద్రం. ఆదోని పత్తి యార్డులాగే డిస్కు కూడా సరుకు వచ్చి, పోయే చోటు. గోడౌను టేపే. 2006లో ఏవీసీహెచ్‌డీ అనే రికార్డింగ్ పద్ధతి వచ్చి, కెమెరాల్లోకి మెమరీ కార్డులు చేరాక ఈ కథ తిరగబడింది. గంట పట్టే క్యాప్చర్ పోయి, నిమిషాల్లో కాపీ వచ్చింది. ఫైళ్లూ చిన్నవే, మొదట్లో సెకనుకు 24 మెగాబిట్లకు మించేవి కావు. కానీ కార్డు మర్నాటి పెళ్లికి ఖాళీ కావాలి. దాంతో అసలు ప్రతి ఉండేది డిస్కులో మాత్రమే. చాలా స్టూడియోలు ఈ మార్పును పట్టించుకోలేదనే నా అభిప్రాయం. డిస్కును పాత అలవాటునే ఖాళీ చేస్తూ పోయారు. 2011లో థాయిలాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగి డిస్కుల ధరలు పెరిగాయి. రెండో కాపీ దాచుకుందామన్నా చెయ్యి వెనకాడే రోజులవి. ఇప్పటి 4కేలో సెకనుకు 100 మెగాబిట్లు అనుకున్నా గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, ఒక డ్రోన్ అంటే టెరాబైట్ డిస్కు కూడా నాలుగైదు పెళ్లిళ్లకే నిండుతుంది.

పాత మినీ డీవీ టేపులకు మాత్రం ఇదే మంచి అదును. ఒక టెరాబైట్‌లో అవి డెబ్బై అయిదు దాకా పడతాయి. కరువల్లా టేపు ఆడే కెమెరాకు, ఫైర్‌వైర్ పోర్టున్న పాత కంప్యూటర్‌కు. ఇంట్లో టేపులుంటే ముందుగా బూజు చూడండి. బూజు పట్టినదాన్ని పెడితే కెమెరా హెడ్ పాడై, మంచి టేపులూ ఆడవు. దించేవాళ్లు ఎంపీ4 చేసి ఇస్తామంటే తీసుకోండి గానీ, గంటకు 13 జీబీ ఉన్న ఆ డీవీ ఫైలు కూడా అడిగి తెచ్చుకోండి.