నవాబు తిన్న బిర్యానీ, మేం చెప్పిన లెక్క

రంజాన్ నెల వస్తే చాలు, తెలుగు పత్రికల్లో ముస్లింల వంటల మీద పేజీలకు పేజీలు పడతాయి. హలీం, బిర్యానీ, పత్తర్ కా గోష్త్, డబుల్ కా మీఠా. నిజాం ప్రభువు దస్తర్‌ఖాన్, నవాబుల వంటగాళ్లు, నెయ్యి, కుంకుమపువ్వు. చదివినవాళ్లకు ముస్లిం అంటే తరతరాలుగా నేతిలో చెయ్యి ముంచుకుని బతికినవాడని అనిపిస్తుంది. ఆ వంటల మీద మాకు కోపం లేదు. దొరికిననాడు మేమూ లొట్టలేసుకుంటూ తింటాం. కాని ఆ పేజీల్లో మా ఇళ్లు కనిపించవు. దూది ఏకిన ఇల్లు, గాజులు అమ్మిన ఇల్లు, జట్కా తోలిన ఇల్లు, బీడీలు చుట్టిన ఇల్లు పండగపూట ఏం వండుకుందో ఎవరికి కావాలి? రాజుల చరిత్రలో ప్రజలు లేనట్టే, రాజుల వంటల చరిత్రలో ప్రజల పొయ్యిలు లేవు.

ముందు హలీం సంగతే చూద్దాం. 10వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలోనే హరీసా ఉంది. గోధుమలూ మాంసమూ కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే వంట అది. యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన అరబ్బులు దాన్ని హైదరాబాదుకు తెచ్చారు. వాళ్లుండే బారక్సే జనం నోట బార్కస్ అయింది. ఇక్కడి మసాలా, ఇక్కడి వేయించిన ఉల్లిపాయ కలిసి హరీస్ హలీం అయింది. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంతకీ దాన్ని మోసుకొచ్చిందెవరు? పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటిన సిపాయిలు. ఇవాళ బట్టీల మీద డేగుల్లో ఘోట్నాలతో చెమటోడ్చి మెదిపేదెవరు? రోజుకూలీలు. పేరు మాత్రం నవాబుది.

హైదరాబాదు దాటి ఊళ్లలోకి రండి. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. పేరులో ఉన్న ఆ ఖర్జూరం అన్ని ఇళ్లలోనూ ఉండేది కాదు. జీడిపప్పు, బాదం సంగతి సరేసరి. పండగ ముందు మా దాదీలు, నానీలు పిండి తడిపి, సేమియా చేత్తో తీసి, మంచాల మీద ఎండబెట్టేవారు. పాలు యాదవుల ఇంటి నుంచో, రెడ్ల ఇంటి నుంచో వచ్చేవి. చక్కెర లేనినాడు బెల్లమే. నమాజుకు ముందే ఫిత్రా తీయాలి, అంటే పండగనాడు ఏ బీదవాడి పొయ్యీ వెలగకుండా ఉండకూడదని ఇంటిల్లిపాది తలకింత చొప్పున ధాన్యమో దాని ఖరీదో ఇచ్చేయాలి. తీసే ఇల్లు, తీసుకునే ఇల్లు పక్కపక్కనే ఉండేవి. ఒక్కోసారి రెంటికీ తేడా ఒక కరువు మాత్రమే.

రాయలసీమ దూదేకుల ఇళ్లలో పండగకు సంగటి, పొట్టేలు కూర, ఓళిగలు. వాళ్ల ఇంటిభాష తెలుగు. ఉర్దూ రాదని, వంట వేరని వాళ్లను 'సగం తురకలు' అన్నవాళ్లు మాలోనే ఉన్నారు. సయ్యద్, షేక్, మొఘల్, పఠాన్ అని వంశాలు లెక్కపెట్టుకునే పెద్దలు దూదేకుల, ఫకీరు, మెహతర్‌లతో ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవడానికి ఎంత వెనకాడారో కూడా మన చరిత్రే. మసీదులో భుజం భుజం కలిసింది. భోజనం దగ్గర, పెళ్లి దగ్గర ఎందుకు కలవలేదని మనం మనల్ని అడగాలి.

మొహర్రం వంటది మరో దారి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో హైదరాబాదులో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కట్టించాడు. కాని ఊళ్లలో పీర్ల పండుగను నిలబెట్టింది రాజులు కాదు, పీరును ఎత్తుకున్న చాకలి, గొల్ల, మాల, మాదిగ, ఎవరైతేనేం, ఆ ఊరి జనం. రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీదా, బెల్లపు షర్బత్ ఫాతెహా అయ్యాక చేతులు మారేవి. ఆ ముద్ద పెట్టేటప్పుడు కులం అడగలేదు, తినేటప్పుడు మతం అడగలేదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామికి మొక్కేవాళ్లలో హిందువులెందరో. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, తీరాల్సినవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. బీదవాడి కోరికలన్నీ ఆ రొట్టెల పేర్లలోనే ఉన్నాయి. ఇది ఇస్లాం కాదని మావాళ్లు కొందరు, ఇది మన పండుగ కాదని అటువాళ్లు కొందరు. రెండు వైపుల నుంచీ గద్దింపు పెరిగినకొద్దీ పీర్ల చావిళ్లు పాడుబడ్డాయి, మలీదా పళ్లెం చిన్నదైంది.

అయితే పాత రోజుల్లో అంతా కలిసే తిన్నామని కథలు అల్లొద్దు. రంజాన్‌కు మేం వండిన షీర్‌ఖుర్మా అందరి ఇళ్లకూ పోలేదు. కొన్ని ఇళ్లకు పొడి సేమియా, చక్కెర, ఎండుపళ్లు విడివిడిగా కట్టి పంపేవాళ్లం, వాళ్ల పొయ్యి మీద వాళ్లు వండుకునేవారు. కొన్ని ఇళ్లలో మాకు వేరే గ్లాసు ఉండేది. దాన్ని మేం కడిగి బోర్లించి రావాలి. ఆ గ్లాసు పక్కనే దళితుడి గ్లాసూ ఉండేది. ప్రేమ ఉన్నమాట నిజం, గ్లాసు ఉన్నమాటా నిజం. చరిత్ర రాసేటప్పుడు రెండూ రాయాలి.

బక్రీదుకు వచ్చేసరికి ఆ కొద్దిపాటి ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఆగుతుంది. జిల్‌హజ్ 10 నుంచి మూడు రోజుల పండగ. ఖుర్బానీ మాంసంలో ఒక పాలు ఇంటికి, ఒక పాలు బంధుమిత్రులకు, ఒక పాలు బీదలకు. ఏడాదిలో ఆ మూడు రోజులే కడుపునిండా మాంసం తినే ఇళ్లున్నాయి. ఫ్రిజ్ ఎరగని ఇళ్లలో మిగిలినదాన్ని ఉప్పూ పసుపూ రాసి దండేల మీద ఎండేసి ఒరుగులు చేసుకున్నారు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవుల వధను నిషేధించింది. ఎద్దుకూ దున్నకూ అధికారి ధ్రువపత్రం కావాలంది. చట్టం చెప్పింది అంతవరకే. కాని దారిలో బండి ఆపేవాడు ఏ పత్రమూ చదవడు. పెద్ద కూర బీదవాడి కూర. మాకూ దళితులకూ ఉమ్మడి కూర. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు దాన్ని పండుగగా వండుకుంటే గొడవలైనాయి. గొడవ కూరతో కాదు, తినేవాడు తలెత్తడంతో.

1948 సంగతి చెప్పకుండా ఈ లెక్క తెగదు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. నాలుగైదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. నెల తిరిగేలోపే, అక్టోబరు మధ్యలో, బక్రీదు వచ్చింది. సంస్థానంలో తర్వాత తిరిగి చూసిన సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం చచ్చిపోయినవాళ్లను తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 వరకు అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రజాకార్లు చేసిన దౌర్జన్యాలను మేం కాదనడం లేదు. ఆ దౌర్జన్యాలకు బలైన ఊళ్ల బాధ మాకూ బాధే. కాని చనిపోయినవాళ్లలో నవాబులెందరు? నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. 1949లో జాగీర్లు పోయినా జాగీర్దార్లకు పరిహారం వచ్చింది. సిపాయి, జవాను, బండివాడు, సన్నకారు రైతు, నిజాం వంటింటి వాసనైనా ఎరగని సాయిబు, వీళ్లే బలైనారు. నవాబు తిన్న బిర్యానీకి మేం లెక్క చెప్పాం.

అందుకే దస్తర్‌ఖాన్ కథ వట్టి వంటల కథ కాదు. ముస్లింలందరూ నిన్నటి పాలకులే అన్న అబద్ధానికి ఆ నేతి వాసన సాక్ష్యం చెబుతోంది. 2006లో సచార్ కమిటీ ముస్లింల బీదరికాన్ని అంకెలతో చూపించినా, 2007లో 4 శాతం రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడు 'ఏలినవాళ్లకు రిజర్వేషన్లేమిటి?' అన్న ప్రశ్న వెనక ఉన్నది ఆ వాసనే.

మిత్రులు పండగకు 'బిర్యానీ ఏదీ?' అని అడుగుతారు. అడగండి, మాకు సంతోషమే. మామూలు రోజుల్లో కూడా రండి. జొన్నరొట్టె, ఖట్టా, పచ్చిపులుసు, గోంగూర గోష్త్, ఏది ఉంటే అది తిందాం. మా పిల్లలకు మేం చెప్పేది ఒకటే: అమ్మీని అడగండి, దాదీని అడగండి. కరువు ఏడాది పండగకు ఏం వండారో, ఎవరి ఇంటి నుంచి పాలు వచ్చాయో, ఎవరి ఇంటికి పళ్లెం పోలేదో రాసిపెట్టండి. మేం రాసుకోకపోతే మా ఎంగిలి చెయ్యి చూసి మా చరిత్రను ఇంకెవరో రాస్తారు.