కాగితం మీద పుట్టిన అనాథలు: కొరియన్ దత్తతలు, మూలాన్వేషణ, అస్తిత్వం

దక్షిణ కొరియా నుంచి పసితనంలో విదేశీ కుటుంబాలకు దత్తత వెళ్ళినవారు, పెద్దవారైన తరువాత కన్నవారి కోసం, పుట్టిన నేల కోసం సాగించే వెతుకులాటను మూలాన్వేషణ అనవచ్చు. దీనిని వివరించిన తొలినాటి రచనలు ఎక్కువగా మనస్తత్వ శాస్త్రం వైపు మొగ్గి, అన్వేషకుల మనసులోని వెలితినే దానికి కారణంగా చూపాయి. మంచి కుటుంబంలో ప్రేమగా పెరిగిన మనిషికి ఆ వెలితి ఎందుకు కలగాలన్న ప్రశ్న కూడా వాటి వెంటే వచ్చింది. ఆ ప్రశ్న అడగడంలోనే ఒక అన్యాయం ఉన్నది. తన తల్లి ఎవరో, తాను ఏ రోజున ఏ ఊళ్ళో పుట్టిందో తెలుసుకోగోరే మనిషి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. ఆ సంగతులు ఆమెకు తెలియకుండా చేసిన ఏర్పాట్లే సంజాయిషీ ఇవ్వాలి. కొరియా విషయంలో ఆ ఏర్పాట్లు చట్టంలోనూ, కుటుంబ రిజిస్టరులోనూ, దత్తత సంస్థల దస్త్రాలలోనూ నిలిచి ఉన్నాయి కనుక, కన్నవారి కోసం వెతుకులాటా సాంస్కృతిక అస్తిత్వం కోసం వెతుకులాటా చివరికి ఒకే దస్త్రపు గది ముందుకు వచ్చి ఆగుతాయన్నది ఈ వ్యాసం చేస్తున్న ప్రతిపాదన.

1950–53 నాటి కొరియా యుద్ధం వేలాది పిల్లలను ఇల్లూ వాకిలీ లేనివారిని చేసింది. వారిలో అమెరికన్ సైనికులకు కొరియన్ స్త్రీలయందు పుట్టిన పిల్లలు మొట్టమొదట విదేశాలకు వెళ్ళినవారు. ఒకే రక్తం, ఒకే జాతి అన్న భావన మీద రాజ్యాన్ని నిలబెట్టాలనుకున్న అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ప్రభుత్వానికి ఆ పిల్లలు ఇమడనివారుగా కనిపించడంతో, వారిని బయటికి పంపే పనికి 1954లో ప్రభుత్వ ప్రోద్బలంతోనే ఒక సంస్థ వెలిసింది. 1955లో ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన రైతు దంపతులు హ్యారీ హోల్ట్, బెర్తా హోల్ట్, అమెరికన్ కాంగ్రెస్ చేసిన ప్రత్యేక చట్టం సాయంతో ఎనిమిదిమంది కొరియన్ పిల్లలను దత్తత తీసుకొని, మరుసటి ఏడాది తమ పేరనే దత్తత సంస్థను స్థాపించారు. పెంపుడు తల్లిదండ్రులు కొరియాలో అడుగు పెట్టకుండానే వారి తరఫున మరొకరు అక్కడ దత్తత తంతు పూర్తిచేసి పిల్లలను విమానంలో పంపే ప్రాతినిధ్య దత్తత అనే పద్ధతి ఆ రోజులలోనే పాతుకొన్నది.

యుద్ధపు గాయాలు మానిన తరువాత ఈ ప్రవాహం ఆగిపోవలసింది, కాని ఆగకపోగా పెరిగింది. దేశం పారిశ్రామికంగా ఎదుగుతున్న కొద్దీ పల్లెల నుంచి ఫ్యాక్టరీలకు వచ్చిన యువతులు, పెళ్ళి కాకుండా తల్లులైనవారు, పిల్లలను పోషించలేని పేద దంపతులు ఈ వ్యవస్థకు పిల్లలను అందించే వర్గాలయ్యారు. బిడ్డల సంక్షేమానికి ఖర్చు పెట్టడం కంటె వారిని విదేశాలకు పంపడం ప్రభుత్వానికి చవకగా తోచింది. 1970 దశకంలో ఉత్తర కొరియా దీనిని ప్రచారాస్త్రంగా వాడుకోవడంతో సియోల్ ప్రభుత్వం దత్తతలను క్రమంగా తగ్గించే ప్రణాళిక వేసినా, 1980లో అధికారానికి వచ్చిన చున్ డూ-హ్వాన్ ప్రభుత్వం దానిని పక్కనపెట్టి, వలసలను ప్రోత్సహించే విధానంలో భాగంగా మళ్ళీ గేట్లు ఎత్తింది. 1985 ఒక్క సంవత్సరంలోనే 8,837 మంది పిల్లలు దేశం దాటారు. ఆ ఏడాది కొరియాలో పుట్టిన ప్రతి వందమందికి ఒకరికి మించిన లెక్క ఇది. మొత్తం మీద వెళ్ళినవారు సుమారు 2 లక్షలమంది అని అంచనా. వారిలో సగానికి పైగా అమెరికాకు, మిగిలినవారు ఫ్రాన్స్, స్వీడన్, డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్, బెల్జియం, ఆస్ట్రేలియా వంటి దేశాలకు చేరారు.

అనాథ రిజిస్టరు

ఇంతమంది పిల్లలను అంత వేగంగా పంపడం ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు సమాధానం హోజుక్ అనే కుటుంబ రిజిస్టరులో దొరుకుతుంది. కొరియాలో 2007 చివరి వరకూ ప్రతి వ్యక్తీ ఒక కుటుంబ పెద్ద, అంటే హోజు, కింద నమోదై ఉండేవాడు. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఏ ఇంటివారో, ఏ ఊరివారో ఆ రిజిస్టరే చెప్పేది. పుట్టిన బిడ్డ ఏదో ఒక ఇంటి హోజుక్‌లో చేరకపోతే చట్టం దృష్టిలో ఆ బిడ్డకు మనుగడే లేదు. కుటుంబం ఉన్న బిడ్డను విదేశానికి పంపాలంటే తల్లిదండ్రుల సమ్మతి, సంతకాలు, విచారణ కావాలి. అనాథకు అవేవీ అక్కరలేదు. పైగా అమెరికా వలస చట్టం కూడా దత్తతకు వచ్చే విదేశీ బిడ్డ అనాథ అయి ఉండాలనే కోరింది. ఈ రెండు అవసరాలూ కలిసిన చోట అనాథ హోజుక్ పుట్టింది. తల్లి బతికి ఉన్నా, తండ్రి ఫలానా అని తెలిసినా, దత్తత సంస్థ ఆ బిడ్డ పేరిట ఒక కొత్త రిజిస్టరు తెరిపించేది. అందులో తల్లి గడి, తండ్రి గడి ఖాళీగా ఉండి, నెలల పసికందే ఏకైక సభ్యుడుగా, తానే కుటుంబ పెద్దగా నమోదయ్యేది. ఇంటిపేరు, పేరు, పుట్టినతేదీ, దొరికిన చోటు అన్నవి చాలా సందర్భాలలో సంస్థ ఉద్యోగి కలం నుంచి వెలువడినవే. 1961లో వచ్చిన అనాథల దత్తత ప్రత్యేక చట్టం ఈ పద్ధతికి చట్టబద్ధమైన దారి వేసింది.

దీనిని లేఖకుల అజాగ్రత్తగా తీసిపారేయడానికి వీలులేదు. ఒక మనిషికి గతం లేదని రాజ్యమే రాసి ముద్ర వేసిన కాగితం అది. పాతికేళ్ళ తరువాత ఆ మనిషి తిరిగివచ్చి తన గతాన్ని అడిగినప్పుడు, ఆ కాగితాన్నే చూపి ఏమీ లేదని చెప్పడానికి అదే రాజ్యానికి వీలైంది.

ఈ వ్యవస్థలో ఒక బిడ్డ స్థానంలో మరొక బిడ్డను నిలపడం ఎంత సులువో చలనచిత్ర దర్శకురాలు డియాన్ బోర్షే లియెమ్ జీవితం చూపుతుంది. ఆమె 1966లో చా జంగ్ హీ అనే అనాథ బాలికగా కాలిఫోర్నియాలోని ఒక కుటుంబానికి చేరింది. ఆ కుటుంబం దూరం నుంచే డబ్బు పంపి ఆదుకొంటూ వచ్చిన చా జంగ్ హీ నిజంగానే ఉన్నది. అయితే ఆ బాలికను ఆమె తండ్రి అనాథాశ్రమం నుంచి ఇంటికి తీసుకుపోగా, ప్రయాణానికి సిద్ధమైన కాగితాలు మాత్రం మిగిలాయి. ఆ కాగితాలకు సరిపడే మరొక బాలికను, అంటే కాంగ్ ఓక్ జిన్ అనే పిల్లను, అదే పేరుతో పంపించారు. ఆ పిల్లే డియాన్. ఆమె కన్నతల్లి కొరియాలో బతికే ఉన్నది. పెద్దయిన తరువాత తన దత్తత దస్త్రంలో ఒకే పేరు కింద ఇద్దరు వేర్వేరు బాలికల ఛాయాచిత్రాలు కనిపించడంతో మొదలైన ఆమె అన్వేషణ, 2000లో వచ్చిన ‘ఫస్ట్ పర్సన్ ప్లూరల్’, 2010లో వచ్చిన ‘ఇన్ ద మ్యాటర్ ఆఫ్ చా జంగ్ హీ’ అనే డాక్యుమెంటరీలుగా రూపొందింది. రెండవ చిత్రంలో ఆమె వెతుకుతున్నది కన్నవారిని కాదు, తాను ఎవరి పేరుతో పెరిగిందో ఆ స్త్రీని. తన బాల్యాన్ని మోసిన పేరు వేరొకరిదని తెలిసిన మనిషికి అస్తిత్వం అనే ప్రశ్న ఎంత నిర్దిష్టమైనదో, ఎంత కాగితపు సంగతో, ఈ ఉదాహరణ కంటె స్పష్టంగా చెప్పేది అరుదు.

తల్లి అంగీకారం, బిడ్డ హక్కు

2012 ఆగస్టులో అమలులోకి వచ్చిన సవరించిన దత్తత ప్రత్యేక చట్టం జనన నమోదును, కుటుంబ న్యాయస్థానం అనుమతిని, బిడ్డ పుట్టిన తరువాత ఏడు రోజుల గడువును తప్పనిసరి చేసింది. ఆ గడువు లోపల తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదు. ఈ సంస్కరణ వెనుక తిరిగివచ్చిన దత్తులూ, ఒంటరి తల్లుల సంఘాలూ కలిసి చేసిన పోరాటం ఉన్నది. అదే చట్టం దత్తులకు తమ దస్త్రంలోని సమాచారం కోరే హక్కు కూడా ఇచ్చింది, అయితే కన్నతల్లి లేదా తండ్రి ఒప్పుకొంటేనే వారి వివరాలు వెల్లడవుతాయి. చిరునామా దొరికితే నోటీసు వెళుతుంది. జవాబు రాకపోతే అంగీకరించనట్టే లెక్క. నోటీసు అందిన స్త్రీ ముప్పై, నలభై ఏళ్ళుగా భర్తకూ పిల్లలకూ చెప్పని సంగతిని దాచుకొన్నది కావచ్చు. ఆమె మౌనం నిరాకరణా, భయమా, అసలు ఆ ఉత్తరం ఆమె చేతికి అందలేదా అన్నది తేల్చే మార్గం ఈ పద్ధతిలో లేదు.

ఇక్కడ తల్లి గోప్యతకూ బిడ్డ హక్కుకూ పోటీ పెట్టి మాట్లాడడం పరిపాటి. ఆ పోటీ చాలావరకు కల్పితం. తల్లిని కలుసుకోవడం వేరు, తన గురించి రాసిన దస్త్రాన్ని చదవడం వేరు. మొదటిదానికి ఆమె ఇష్టం తప్పనిసరి, అందులో వాదన లేదు. రెండవదానిలో దత్తత సంస్థ ఏమి రాసింది, ఏ తేదీని మార్చింది, ఎవరి సంతకం తీసుకొన్నది అన్న సంగతులు ఉంటాయి. వాటిని తల్లి పేరు చెప్పి దాచిపెడితే కాపాడబడేది సంస్థే తప్ప తల్లి కాదు. కన్నతల్లులపై పరిశోధన చేసిన సమాజ శాస్త్రవేత్త హోసు కిమ్, టెలివిజన్ కార్యక్రమాలలోనూ ఊహలలోనూ మాత్రమే సాగే వీరి మాతృత్వాన్ని ఒక ప్రత్యేక భావనగా చర్చించింది. బిడ్డను వదులుకొన్న ఈ స్త్రీలు తమ ఇష్టంతోనే వదిలారన్న కథనం వారి మీద రుద్దబడిందన్న ఆమె వాదన సబబైనది. కుటుంబం, సంస్థలు నడిపిన ప్రసూతి గృహాలు, పెళ్ళికాని తల్లిని తప్పుచేసిన మనిషిగా చూసిన సమాజం కలిసి ఒత్తిడి తెచ్చినప్పుడు పడిన సంతకాన్ని స్వేచ్ఛగా చేసిన సంతకం అనలేము.

దస్త్రం మూసుకుపోయిన చోట డీఎన్‌ఏ పరీక్ష ఒక పక్కదారి తెరిచింది. 2020 నుంచి కొరియా ప్రభుత్వం విదేశాలలోని తన దౌత్య కార్యాలయాలలో దత్తుల నమూనాలు సేకరించి, తప్పిపోయిన పిల్లల కోసం వెతుకుతున్న కుటుంబాల నమూనాలతో సరిపోల్చుతున్నది. ఆ ఏడాది అక్టోబరులోనే, 1976లో సియోల్ నామ్‌డేమున్ బజారులో తప్పిపోయి అమెరికాకు దత్తత వెళ్ళిన ఒక స్త్రీ, 44 ఏళ్ళ తరువాత తల్లినీ తోబుట్టువులనూ వీడియో కాల్‌లో చూడగలిగింది. బిడ్డ ఎప్పటికైనా అక్కడికే తిరిగివస్తుందన్న ఆశతో ఆ తల్లి అదే బజారులో దుకాణం పెట్టుకొని ఏళ్ళ తరబడి దారి పోయేవారి ముఖాలు చూస్తూ వచ్చింది. ఆమె వదిలేసిన తల్లి కాదు, బిడ్డ అనాథ కాదు. అయినా దస్త్రం ఆ బిడ్డను అనాథగానే విదేశానికి పంపింది.

2020లోనే జూన్‌లో సియోల్ కుటుంబ న్యాయస్థానం మరొక దారి చూపింది. 1983లో గ్వేసాన్‌లోని ఒక బజారు వాహనాల నిలుపు స్థలంలో దొరికిన పిల్లగా నమోదై అమెరికాకు వెళ్ళిన స్త్రీ, డీఎన్‌ఏ ద్వారా గుర్తించిన తండ్రిపై దావా వేసి, తాను అతని కూతురినన్న తీర్పు పొందింది. విదేశీ దత్తత వెళ్ళినవారికి అనుకూలంగా వచ్చిన ఇటువంటి తీర్పులలో ఇదే మొదటిదని చెప్తారు. ఆస్తి ఆమె లక్ష్యం కాదు. తల్లి ఎవరో ఆ తండ్రి నోట వినాలన్నదే ఆమె కోరిక. తీర్పు బంధుత్వాన్ని నిర్ధారించగలిగింది గాని, ఆ జవాబును మాత్రం రప్పించలేకపోయింది.

తిరిగిరావడం, తిరిగి చేరడం

కన్నవారు దొరికినా దొరకకపోయినా అన్వేషకులలో చాలామందికి కొరియా భాష రాదు, ముఖం మాత్రం కొరియన్ ముఖం. మినెసోటాలోనో స్వీడన్‌లోనో తెల్లవారి మధ్య పరాయిగా కనిపించిన అదే ముఖం సియోల్ వీధిలో అందరి మధ్య కలిసిపోతుంది, నోరు విప్పగానే మళ్ళీ పరాయిదవుతుంది. తల్లీబిడ్డలు తొలిసారి కలిసే గదిలో దుబాసీ కూర్చోవలసి వస్తుంది. అత్యంత ఆంతరంగికమైన ప్రశ్న మూడవ మనిషి గొంతులో వెళ్ళి, మూడవ మనిషి గొంతులో జవాబై వస్తుంది. అమెరికాలో నడిచిన కొరియన్ సంస్కృతి శిబిరాలు పిల్లలకు హాన్‌బోక్ దుస్తులు తొడిగి, కిమ్చి రుచి చూపించాయి గాని, ఈ గదికి వారిని సిద్ధం చేయలేదు. సంస్కృతి అంటే పండుగలూ వంటలూ అనుకొనే ధోరణి దత్తత వెనుక ఉన్న చట్టాన్నీ పేదరికాన్నీ కనపడకుండా చేసింది.

దీనికి దత్తులే జవాబు వెతుక్కొన్నారు. 1998లో సియోల్‌లో గోల్ అనే దత్తుల సంఘం ఏర్పడింది. అదే ఏడాది అధ్యక్షుడు కిమ్ డే-జంగ్ కొంతమంది దత్తులను తన అధికార భవనానికి ఆహ్వానించి క్షమాపణ చెప్పాడు. 1999లో వాషింగ్టన్‌లో దత్తుల తొలి అంతర్జాతీయ సమ్మేళనం జరిగింది. మానవ శాస్త్రవేత్త ఎలియానా కిమ్ 2010లో ప్రచురించిన గ్రంథంలో, పుట్టిన దేశమూ పెరిగిన దేశమూ రెండూ పూర్తిగా తమవి కాని ఈ మనుషులు ఒకరిలో ఒకరు కనుగొన్న బంధుత్వాన్ని లోతుగా పరిశీలించింది. స్వీడన్‌కు దత్తత వెళ్ళిన టోబియాస్ హ్యుబినెట్ వంటివారు తామే పరిశోధకులై ఈ చరిత్రను రాయడం మరింత ముఖ్యమైన పరిణామం. అంతవరకూ ఇతరుల దస్త్రాలలో విషయంగా ఉన్నవారు ఆ దస్త్రాలను ప్రశ్నించే స్థానానికి వచ్చారు. 1999లో దత్తులకు ప్రవాస కొరియన్ల వీసా, 2011 నుంచి ద్వంద్వ పౌరసత్వం వచ్చాయి. అయితే వాటికి దరఖాస్తు చేసేవారు తమ కొరియన్ మూలానికి రుజువుగా చూపవలసి వచ్చేది దత్తత నాటి ఆ కాగితాలనే.

తెలుగు పాఠకులకు ఇది దూరపు కథగా తోచవచ్చు. కాని 1999లోనూ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన దత్తత కుంభకోణాలలో లంబాడీ తండాల ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకొని, కల్పిత కాగితాలతో విదేశాలకు పంపిన తీరు కొరియా పద్ధతికి చాలా దగ్గరగా ఉన్నది. భారతదేశపు దత్తత నియమాలు ఇప్పుడు మూలాన్వేషణను గుర్తించి, పద్దెనిమిదేళ్ళు నిండిన దత్తులకు సాయం చేయవలసిన బాధ్యతను సంస్థల మీద ఉంచాయి. కాని ఆ తండాల నుంచి వెళ్ళిన పిల్లల దస్త్రాలలో నిజం ఎంత ఉన్నదో తేల్చకుండా ఆ నియమం వారికి ఉపయోగపడదు.

2022లో డెన్మార్క్ దత్తుల చొరవతో మొదలై, పదకొండు దేశాలకు చెందిన 367 మంది కొరియా సత్య సమన్వయ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. కమిషన్ 2025 మార్చిలో ప్రకటించిన నిర్ణయంలో, అనాథ నమోదులు కల్పించడం, పిల్లల గుర్తింపు మార్చడం, సరైన సమ్మతి లేకుండా పంపడం వంటివి జరిగాయనీ, ప్రభుత్వం తన బాధ్యతను విస్మరించిందనీ ఒప్పుకొని, అధికారికంగా క్షమాపణ చెప్పాలని సిఫారసు చేసింది. అదే సంవత్సరం అక్టోబరు 1న అంతర్దేశీయ దత్తతలపై హేగ్ ఒప్పందం కొరియాలో అమలులోకి వచ్చింది; మరునాడు అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ క్షమాపణ చెప్పాడు. ఇవి చిన్న విజయాలు కావు. అయితే కమిషన్ మొదట పరిశీలించిన 98 మందిలో 56 మందిని మాత్రమే బాధితులుగా గుర్తించి, మిగిలిన 42 మందికి పత్రాలు చాలవన్న కారణంతో నిర్ణయం వాయిదా వేసింది. కాగితాలు కల్పించారన్నదే ఫిర్యాదు అయినప్పుడు, సరైన కాగితాలు తేలేదని ఫిర్యాదుదారును ఆపడం ఆ అన్యాయాన్ని కొనసాగించడమే అవుతుంది. రుజువు భారం దస్త్రం రాసినవారిమీద ఉండాలి.

2025 జూలై నుంచి ప్రైవేటు సంస్థల దత్తత దస్త్రాలు ప్రభుత్వ బాలల హక్కుల కేంద్రం అధీనంలోకి రావడం మొదలైంది. ఒకే బిడ్డకు సంబంధించి కొరియాలో మిగిలిన దస్త్రాన్ని, అమెరికాలోనో డెన్మార్క్‌లోనో ఉన్న ప్రతితో ఎదురెదురుగా పెట్టి, ఏ తేదీ ఎక్కడ మారిందో, ఏ పేరు ఎవరిదో గుర్తించే పని ఇప్పటివరకూ దత్తులు ఒంటరిగా, తమ ఖర్చుతో చేస్తూ వచ్చారు. ఆ పనిని రాజ్యం తన ఖర్చుతో, తన బాధ్యతగా, దరఖాస్తు వచ్చేదాకా ఆగకుండా చేపట్టవలసి ఉన్నది. 1960లలో, 1970లలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లులలో చాలామంది ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళు దాటినవారు. ఒక నోటీసు పంపి, జవాబు రాలేదని దస్త్రం మూసే తీరిక ఆ వయసులో ఉన్నవారికి గాని, వారి కోసం వెతుకుతున్నవారికి గాని లేదు.