నీటిగుర్రం ఎక్కినవాళ్ళు

మాగీ స్టీఫ్‌వాటర్ అనే అమెరికన్ రచయిత్రి 2011లో 'ద స్కార్పియో రేసెస్' అని ఓ నవల రాసింది. టీనేజి పిల్లల కోసం రాసిన ఫాంటసీ అని అట్టమీద చూసి, రెండు గంటల్లో తేలిపోతుందిలే అనుకుంటూ మొదలుపెట్టాను. నాలుగు రోజులు పట్టింది. సగం టైము నవలకీ, మిగతా సగం అందులోని గుర్రాల పుట్టుపూర్వోత్తరాలు వెతకడానికీ సరిపోయింది.

కథ క్లుప్తంగా ఇదీ. థిస్బీ అనే ఊహాద్వీపం. ఏటా చలి మొదలయ్యే వేళకి సముద్రంలోంచి గుర్రాలు ఒడ్డుకొస్తాయి. మామూలు గుర్రాలు కావు, మాంసం తింటాయి, మనుషుల్ని కూడా. ఊళ్ళోవాళ్ళు వాటిని పట్టి, జీను వేసి, నవంబరు ఒకటిన సముద్రం ఒడ్డునే పందెం పెడతారు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు పోతారు. అయినా మానరు.

ఈ గుర్రాలు రచయిత్రి సృష్టి కావు. ఐర్లండ్‌లో కాపల్ ఇష్కె, స్కాట్లండ్ కొండప్రాంతాల్లో ఎఖ్ ఉష్కె అంటారు. రెంటికీ అర్థం నీటిగుర్రమే. (విస్కీ అన్న మాట పుట్టిందీ ఈ 'నీరు' అన్న పదంలోంచే. ఫ్రైడే సాయంత్రం పనికొచ్చే సమాచారం :-) ) కెల్పీ అనేది వీటికి దగ్గరి చుట్టం. అది పారే ఏళ్ళల్లో ఉంటుంది, ఎఖ్ ఉష్కె సముద్రంలోనూ సరస్సుల్లోనూ ఉంటుంది. రెంటిలో ఇదే ప్రమాదం.

స్కాట్లండ్‌లో అబర్‌ఫెల్డీ దగ్గర ఓ చిన్న సరస్సు గురించి ఒక కథ ఉంది. ఆదివారం పూట ఏడుగురు ఆడపిల్లలూ ఒక మగపిల్లాడూ షికారుకెళ్తే ఒడ్డున ముచ్చటైన పొట్టిగుర్రం కనపడింది. ఒక పిల్ల ఎక్కింది. ఇంకో పిల్ల ఎక్కింది. ఎందరు ఎక్కినా చోటు చాలుతూనే ఉంది, ఎందుకంటే గుర్రం వీపు సాగుతోంది. అది గమనించింది పిల్లాడొక్కడే. వాడు రాళ్ళ మధ్య దాక్కున్నాడు. ఆడపిల్లలు దిగుదామంటే చేతులు గుర్రానికి అతుక్కుపోయాయి. మర్నాడు ఒడ్డుకి ఏడు కాలేయాలు కొట్టుకొచ్చాయి.

నీళ్ళ దగ్గరికి పిల్లలు పోకుండా పెద్దవాళ్ళు అల్లిన కథ కాబోలు, మన చెరువుల్లో దయ్యాల్లాగే అనిపిస్తుంది. నేనూ మొదట అలాగే సరిపెట్టుకున్నాను. కానీ 1888లో కవి యేట్స్ వేసిన ఐరిష్ జానపద కథల సంకలనంలో ఈ గుర్రం గురించి ఇంకో సంగతి ఉంది. నవంబరులో ఇవి ఒడ్డుకొచ్చి ఇసుకలో పరిగెడతాయట. పట్టుకుని కళ్ళెం వేయగలిగితే వాటిని మించిన గుర్రాలుండవట. షరతు ఒక్కటే, వాటికి నీళ్ళు కనపడకూడదు. కనపడ్డాయా, ఎక్కినవాడితో సహా మునిగి, అడుగున వాణ్ణి చీల్చేస్తుంది.

చూశారా తేడా? మొదటిది "దగ్గరికి పోకు" అని పిల్లలకి చెప్పే కథ. రెండోది పోక తప్పని పెద్దవాళ్ళ కథ. మనకీ సముద్రంలో ఓ గుర్రం ఉంది. ఔర్వుడి కోపాగ్ని ఆడగుర్రం ముఖంతో సముద్రంలో మండుతోందని భారతం చెప్పే బడబాగ్ని. కానీ దానికి జీను వేద్దామని మనవాళ్ళెవరూ అనుకోలేదు. వీళ్ళు అనుకున్నారు.

ఎందుకో తెలియాలంటే ఆ ఒడ్డున బతికినవాళ్ళ చరిత్ర కొంచెం చూడాలి. స్కాట్లండ్‌లో 18వ శతాబ్దం చివరినుంచి జమీందార్లు గొర్రెల పెంపకం లాభమని రైతుల్ని లోయల్లోంచి వెళ్ళగొట్టారు. చాలామందిని సముద్రం అంచుకి నెట్టి, చేపలు పట్టుకోండి, సముద్రపు నాచు కాల్చి బూడిద అమ్ముకోండి అన్నారు. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఆ బూడిద ధర పడిపోయింది. జనం కెనడాకీ ఆస్ట్రేలియాకీ ఓడలెక్కారు. నీటిగుర్రం కథలు అంతకంటే పాతవే. కాకపోతే జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ ఆ ప్రాంతపు కథల్ని సేకరించి 1860-62 మధ్య అచ్చువేయించేనాటికి, వాటిని చెబుతున్నది ఈ జనమే. తిండిపెట్టేదీ సముద్రమే, మింగేదీ సముద్రమే. మరి అలాంటి గుర్రాన్ని ఎక్కకుండా ఎలా?

నవలకి ఈ సంగతి బాగా తెలుసు. కథానాయిక కేట్ కొనొలీ (అందరూ పక్ అంటారు) అమ్మానాన్నలు చేపలకి పడవమీద వెళ్ళి నీటిగుర్రాల పాలబడ్డారు. ఇల్లు అప్పులో ఉంది. పెద్దన్న గేబ్ ఇక్కడ బతకలేను, అవతలి గడ్డకి వెళ్ళిపోతానంటాడు. వాణ్ణి ఇంకొన్నాళ్ళు ఆపడానికే ఆ పిల్ల పందెంలో పేరిస్తుంది. గుర్రాలు మనిషిని చీల్చే సీన్లకంటే గేబ్ ఆ మాట చెప్పే సీనే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మన బ్యాచ్‌లో సగంమంది గేబ్‌లమే కదా. నాకు నచ్చిందేంటంటే రచయిత్రి వాణ్ణి విలన్ చెయ్యలేదు. అలాగని పక్ కోపం తప్పనీ చెప్పలేదు. ఈ విషయంలో చాలా "పెద్దవాళ్ళ" నవలలకంటే ఇది నిజాయితీగా ఉంది.

ఇప్పుడు స్కాట్లండ్‌లో ఫాల్‌కిర్క్ దగ్గర 'కెల్పీస్' పేరుతో 30 మీటర్ల ఎత్తున రెండు ఉక్కు గుర్రపుతలలున్నాయి. శిల్పి ఆండీ స్కాట్. 2013లో నిలబెట్టారు. వాటికి నమూనా పడవలు లాగిన క్లైడ్స్‌డేల్ జాతి బరువు గుర్రాలట. అందంగా ఉంటాయి, జనం ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. భయం మాత్రం లేదు.

భయం కావాలంటే సెంట్ కిల్డా గురించి చదవండి. స్కాట్లండ్‌కి పడమరగా అట్లాంటిక్‌లో ఉన్న దీవులు. కుర్రాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోగా పని చెయ్యడానికి చేతులు చాలక, మిగిలినవాళ్ళే మమ్మల్ని తీసుకెళ్ళండని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 1930 ఆగస్టు 29న చివరి 36 మందీ ఓడెక్కారు. వెళ్ళేముందు ప్రతి ఇంట్లో బైబిల్ తెరిచిపెట్టి, పక్కన చిన్న కుప్పగా ఓట్లు పోసి, తలుపులు వేశారు.