హైదరాబాద్ తాగునీరు: తెలియని రేపటి కోసం చేసిన నిర్ణయాలు

1911 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ నగరంలో సుమారు 5 లక్షల మంది ఉండేవారు. 1921 నాటికి ఆ సంఖ్య సుమారు 4 లక్షలకు పడిపోయింది. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా వ్యాధులు ఇందుకు ముఖ్య కారణాలు. గండిపేట దగ్గర మూసీ నదిపై ఉస్మాన్ సాగర్ పూర్తయింది ఈ కాలంలోనే, 1920లో. ఆనాటి లెక్కలు మాత్రమే చూసిన అధికారి ఎవరైనా, జనం తగ్గుతున్న ఊరికి ఇంత పెద్ద జలాశయం దేనికని అడిగి ఉంటే తప్పు పట్టగలమా? నగరం కోటి మందికి చేరుతుందని అప్పుడెవరికీ తెలియదు. చరిత్ర చదివేటప్పుడు ఈ సంగతి మీరు మరచిపోకూడదు.

నిజానికి ఈ జలాశయాల ఆలోచనకు మూలం నీటి ఎద్దడి కాదు, వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మంది చనిపోయారు. ఎగువన ఉన్న చెరువుల్లో రెండు వందలకు పైగా తెగిపోయాయి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. అలాంటి వాన మళ్లీ ఎప్పుడు కురుస్తుందో ఆయన చెప్పలేరు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు కట్టి, వరదను అక్కడ నిలిపి, నెమ్మదిగా వదలాలని సూచించారు. ఆ నీరే నగరానికి తాగునీరైంది. ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. వరద వచ్చినా, కరవు వచ్చినా పనికివచ్చే ఏర్పాటు ఇది. ఇందులో ఒక చిక్కు లేకపోలేదు: వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి, తాగునీటికైతే నిండుగా ఉండాలి. 2020 అక్టోబరు కుండపోతలో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చినప్పుడు ఆ చిక్కే మళ్లీ ఎదురైంది.

ఆ తరువాతి పథకాల తీరు వేరు. జనాభా అంచనా వేయడం, కొరత లెక్కకట్టడం, మరింత దూరపు నదిని వెతకడం. 1965 మొదలు 1990ల వరకు మంజీరా నీరు నాలుగు దశల్లో వచ్చింది. దశలవారీగా కట్టడంలో ఒక వివేకం ఉంది. అంచనా తప్పితే తరువాతి దశను మార్చుకోవచ్చు. 2004 నుంచి కృష్ణా నీరు, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు వచ్చాయి. గండిపేట నీరు పల్లానికి దానంతటదే పారి నగరం చేరేది. కృష్ణా, గోదావరి నీటిని మాత్రం వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోయాలి. కరెంటు ఖర్చు ఎంతో మీరే ఊహించండి. అయినా 2016 వేసవిలో సింగూరు, మంజీరా, జంట జలాశయాలు అన్నీ అడుగంటినప్పుడు నగరాన్ని ఆదుకున్నవి ఆ దూరపు నదులే.

ఇక అసలు వివాదానికి వద్దాం. జంట జలాశయాల్లోకి వచ్చే నీరు దశాబ్దాలుగా తగ్గుతోంది. వానలు అంతగా తగ్గకపోయినా ప్రవాహం తగ్గిందని పరిశోధకులు గమనించారు. ఎగువన బోర్లు, చెక్‌డ్యాములు, లేఅవుట్లు పెరిగాయి. 1996లో ఇచ్చిన 111వ ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. నగరం ఇప్పుడు ఈ జలాశయాలపై ఆధారపడటం లేదంటూ 2022 ఏప్రిల్‌లో మరో ఉత్తర్వు ఆ ఆంక్షలను ఎత్తివేసింది.

సరఫరాలో వీటి వాటా స్వల్పమన్నది నిజమే. ఎగువ గ్రామాల రైతులు తమ భూమికి ధర రాక నష్టపోయారన్నదీ నిజమే. కానీ మామూలు ఏడాది వాటాను బట్టి జలాశయం విలువ కట్టడం నాకు సరైన పద్ధతిగా తోచదు. పంపులను ఆపితే మళ్లీ నడపవచ్చు. పరీవాహక ప్రాంతంలో ఒకసారి కాలనీలు లేచాక దాన్ని మళ్లీ వాగులు పారే నేలగా మార్చడం ఇంచుమించు అసాధ్యం. రేపు ఎలా ఉంటుందో తెలియనప్పుడు, ఈ రెండు రకాల నిర్ణయాలను ఒకే తూకంలో తూచకూడదు.

అభ్యాసం: మీ పట్టణపు తాగునీటి పథకాన్ని ఏ సంవత్సరపు జనాభాను దృష్టిలో పెట్టుకొని రూపొందించారో పురపాలక కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఆ అంచనాను నేటి జనాభాతో పోల్చి ఒక పేజీ రాయండి.