హక్కు ఎవరిచ్చింది?



ఒకప్పుడు మా ఇంటికి రేషను కార్డయితే వచ్చింది గాని, మూడు నెలలపాటు షాపుకి పంచదార రాలేదు. "కార్డుందిగా!" అన్నారు మావారు. "కార్డునే కాఫీలో కలిపి ఇమ్మంటారా?" అన్నాను. ఇంచుమించు ఈ దెబ్బే రెండువందల ఏళ్ల క్రితం మానవహక్కుల మీద వేశాడు ఇంగ్లండులో జెరెమీ బెంథామ్ అనే ఆయన. నేను మెట్రిక్‌తో ఆగిపోయినదాన్ని. అయినా చదివితే సంగతి బోధపడింది.

1789 ఆగస్టులో ఫ్రాన్సు విప్లవకారులు ఒక ప్రకటన చేశారు. మనుషులు పుట్టుకతోనే స్వతంత్రులు, సమానులు. ఈ హక్కులు ఎవరో ఇచ్చినవి కావు, సహజంగా ఉన్నవే అన్నారు. బెంథామ్‌కి ఇది గిట్టలేదు. చట్టం చేస్తేనే హక్కు పుడుతుంది, అంతకుముందు ఉండేది వట్టి కోరికే అని ఆయన వాదన. నా పంచదార గుర్తొచ్చి, నిజమే సుమా అనుకున్నాను.

కాని అదే ఫ్రాన్సులో ఒలింప్ ద గూజ్ అనే ఆవిడ ఉంది. ప్రకటనలో మగవాళ్లే కనిపిస్తున్నారు, మా మాటేమిటని 1791లో స్త్రీల హక్కుల ప్రకటన తనే రాసింది. శిక్షల్లో లేని తేడా మాట్లాడే హక్కులో ఎందుకని నిలదీసింది. రాజకీయ రాతలు రాసిందని 1793 నవంబరులో ఆమె తల తీశారు. ఫ్రెంచి స్త్రీలకు ఓటుహక్కు 1944లో గాని రాలేదు. బెంథామ్ లెక్కన ఆమెకు లేని హక్కునే ఆమె అడిగిందన్నమాట! పదిమందికీ మేలనిపిస్తే చట్టం మార్చుకోండి అంటాడాయన. సరే, మార్చేవాళ్లకి మనసయ్యేదాకా?

ఇదంతా దొరల గొడవ అనుకోకండి. మన సుప్రీంకోర్టుకీ ఈ ప్రశ్న వచ్చింది. ఎమర్జెన్సీలో, 1975 జూన్‌లో, ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే 21వ అధికరణం పేరుతో కోర్టుకెళ్లే వీలును రాష్ట్రపతి ఉత్తర్వు ఆపేసింది. విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్ల మొర తాము వింటామని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. సుప్రీంకోర్టులో వాదనలప్పుడు జస్టిస్ ఖన్నా, పోలీసువాడు సొంత పగతో మనిషిని చంపినా దిక్కులేదా అని అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని అటార్నీ జనరల్ జవాబు! వింటుంటే ఒళ్లు జలదరించదూ?

1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపే తీర్పిచ్చారు. ఖన్నాగారు ఒక్కరే కాదన్నారు. ప్రాణం మీద హక్కు రాజ్యాంగం పెట్టిన భిక్ష కాదని, రాజ్యాంగం లేనప్పుడు కూడా చట్టం లేకుండా ఎవరి ప్రాణమూ తీయడానికి వీల్లేదని ఆయన మాట. 1977 జనవరిలో ఆయన్ని కాదని, ఆయనకన్నా జూనియర్‌ని చీఫ్ జస్టిస్‌ని చేశారు. ఖన్నాగారు రాజీనామా ఇచ్చి ఇంటికెళ్లిపోయారు.

అయితే బెంథామ్‌కీ ఇక్కడ ఒక దణ్ణం పెట్టాలి. ఖన్నాగారి మాట ఎంత గొప్పదైనా జైల్లో ఉన్నవాళ్లకి తలుపు తెరవలేదు. ఎమర్జెన్సీ వచ్చినా 21వ అధికరణాన్ని ఆపకూడదని 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేసుకోవలసి వచ్చింది.

ఆ పాత తీర్పే తప్పని సుప్రీంకోర్టు చెప్పింది మాత్రం 2017 ఆగస్టులో, తొమ్మిదిమంది జడ్జీల బెంచిలో. ఆ మాట రాసినవారు జస్టిస్ డి.వై. చంద్రచూడ్. 1976 నాటి నలుగురిలో ఒకరైన జస్టిస్ వై.వి. చంద్రచూడ్ ఆయనకి స్వయానా తండ్రి.